గీతల మాస్టారి ఎనిమిదడుగుల బద్ద

కార్లు ఆపుకునే చోట నేల మీద తెల్లగీతలు ఉంటాయి కదా, వాటిని ఎవరో ఒకరు గీయాలి. ఈ నగరంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పని ఒక్కాయనదే. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఇంజనీరు దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆయన గీతల మాస్టారే. బడిలో ఒక్క పాఠం చెప్పిన మనిషి కాదు. ఎవరి కొలత తప్పినా వేలెత్తి చూపించే బుద్ధి ఒకటుంది, దాన్ని చూసి మాస్టారన్నారు. ఆ పేరు ఆయనకు అతికినట్టు సరిపోయింది.

ఆయన ప్రాణమంతా ఒక టేకు బద్దలో ఉండేది. సరిగ్గా ఎనిమిదడుగుల బద్ద. ఒక కారు నిలపడానికి ఎంత వెడల్పు కావాలో అంత. పనిలో చేరిన కొత్తలో తనే చిత్రిక పట్టి చేసుకున్నాడు. నేల మీద బద్ద పరిచి చివర సుద్దతో గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు దగ్గర మళ్ళీ బద్ద ఆనించి ఇంకో గుర్తు. గుర్తులన్నీ అయ్యాక రంగు. ఆఫీసువాళ్ళు స్టీలు టేపు ఇచ్చారు గానీ, ఎండకు సాగే రేకుని నమ్మి గీత గీయనని దాన్ని బీరువాలోనే పడేశాడు. మూడేళ్ళ క్రితం బద్ద చివర అరిగిపోయి పీచులు లేస్తుంటే వెల్డరు చేత దానికి ఇనుప తొడుగు వేయించాడు. అంతకు మించి ఆ బద్దకు ఎన్నడూ మరమ్మతు జరగలేదు.

ఆ వెంటనే స్టేడియం ముందు కొత్త పార్కింగు స్థలం పని వచ్చింది. ఆయన జీవితంలో అంత పెద్ద పని అదే. మొత్తం పద్దెనిమిది వరుసలు. ఇంజనీరు ప్లానులో వరుసకు అరవయ్యారు కార్లని ఉంది. మాస్టారు గీస్తే అరవై నాలుగే వచ్చాయి. చివరి గీత సరిగ్గా గోడ మొదట్లో పడింది. ఒక్క అంగుళం మిగల్లేదు, ఒక్క అంగుళం తగ్గలేదు. అంత శుభ్రంగా కుదిరిన లెక్కలో తప్పుంటుందని ఎవరనుకుంటారు? "ప్లానే తప్పండీ," అన్నాడు మాస్టారు. ఇంజనీరు మారుమాట లేకుండా ప్లానులో అరవయ్యారు కొట్టేసి అరవై నాలుగు వేసి సంతకం పెట్టాడు. మాస్టారి గీతకూ కాగితానికీ పేచీ వస్తే కాగితాన్నే దిద్దుకోవడం ఆ ఆఫీసులో రివాజు.

ఇంట్లో ఆయన పెట్టే బాధ ఇంకో రకం. పరదా కడితే ఒక పక్క అరంగుళం కిందికుందనేవాడు. కూరగాయలు తరిగితే ముక్కలన్నీ సమంగా లేవనేవాడు. ఆయన భార్య ముప్పై ఏళ్ళు ఆ సతాయింపు విన్నది, తిరిగి నాలుగు మాటలు అన్నది, తన పని తను చేసుకుపోయింది. అలాంటి మనిషి పోయిన ఏడాది ఒక ఉదయం మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి ఉన్నచోటే కూలబడింది. పక్షవాతం. నాలుగు నెలలకు మాట తిరిగొచ్చింది గానీ కుడికాలు స్వాధీనంలోకి రాలేదు. ఆ నాలుగు నెలలూ ఇంట్లో పరదాలు ఎలా వేలాడాయో మాస్టారు తలెత్తి చూస్తే ఒట్టు.

నగరపాలక భవనం పాతది, రెండంతస్తులది. పైన కౌన్సిల్ హాలు. కింద ముందు భాగంలో జనన మరణాల రిజిస్ట్రారు, వెనక భాగంలో ఒక చదువుకునే గది, దాని పక్కన ఫిజియోథెరపీ గది. ఆ గదిలో నడుమెత్తున రెండు ఇనుప కడ్డీలు పక్కపక్కనే బిగించి ఉంటాయి. కాలు పడిపోయినవాళ్ళు వాటిని పట్టుకుని నడక మళ్ళీ నేర్చుకుంటారు. ఫిజియో అమ్మాయి చూడ్డానికి పిట్టంత ఉంటుంది గానీ నోరు తెరిస్తే పహిల్వాన్లు కూడా చెప్పినట్టు వింటారు. ఆ అమ్మాయి చేతిలో పడ్డాక ఆరు నెలల్లో మాస్టారి భార్య కడ్డీలు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళగలుగుతోంది. సోమ, బుధ, శుక్రవారాల్లో మాస్టారు ఆవిడను చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, అక్కడ దింపి, తన పనికి పోయేవాడు. ఊళ్ళో ఇంకో ఫిజియోథెరపీ గది ఉన్న మాట నిజమే గానీ అది నగరం ఆ చివర, మూడో అంతస్తులో, లిఫ్టు లేకుండా ఉంది.

సరిగ్గా ఈ గది మీదే కౌన్సిల్ కన్ను పడింది.

స్టేడియం ఆ భవనానికి ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన ఉంది. ఆ బుధవారం మాస్టారు భార్యను కింద దింపి, పార్కింగు మాట వస్తోందని విని పైకెళ్ళి జనం కూర్చునే వెనక బల్ల మీద కూర్చున్నాడు. ముందు వరుసలోంచి ఒక కౌన్సిలర్ లేచాడు. స్టేడియం మాటెత్తితే చాలు ఎంతసేపైనా మాట్లాడతాడని ఆయన్ని అందరూ ఆటల పెద్దాయన అంటారు.

"పెద్ద మ్యాచ్‌లు మనకివ్వాలంటే పదకొండు వందల ఎనభై కార్లకు చోటుండాలని ఉత్తరం వచ్చింది. మనకున్నవి పదకొండు వందల యాభై రెండు. ఇరవై ఎనిమిది తక్కువ. ఈ భవనం వెనక గోడ కొట్టేసి ఆ రెండు గదులూ ఖాళీ చేయిస్తే ముప్పై కార్లు పడతాయి. అయిపోయింది."

బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి ఇటు వచ్చిన కౌన్సిలర్ ఒకావిడ ఉంది, టీచరమ్మ అంటారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "మనుషులు నడక నేర్చుకునే గదిలో కార్లు పెడదామంటారు."

"ఆ గదికి వేరే చోటు చూస్తామమ్మా. మేమేం రాక్షసులమా?"

'వేరే చోటు చూస్తాం' అనే మాటకు ఆ హాల్లో అర్థమేమిటో ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీలో మాస్టారికి తెలియకపోలేదు. పాత గ్రంథాలయానికి వేరే చోటు చూస్తామన్నారు, పుస్తకాలు ఈనాటికీ పెట్టెల్లోనే ఉన్నాయి. ఆ తర్వాత గంటసేపు వాదన సాగింది. ఒకాయన మ్యాచ్‌కి జనం బస్సుల్లో రావాలన్నాడు. ఆయన వచ్చింది మాత్రం కారులో. ఇంకొకాయన స్టేడియాన్నే కొంచెం వెనక్కి జరపలేమా అని అడిగి, అందరూ తనవైపు చూసేసరికి కూర్చున్నాడు.

చివరికి టీచరమ్మ ఇంజనీరును అడిగింది. "స్టేడియం దగ్గర ఒక్కో కారుకు ఎంత వెడల్పు ఇచ్చారు?"

"ఎనిమిదడుగులండీ."

"ఎవరైనా మళ్ళీ కొలిచి చూశారా?"

ఇంజనీరు నవ్వాడు. "గీసింది గీతల మాస్టారండీ." హాలంతా నవ్వింది. మేయరు కూడా నవ్వి, వెనక బల్ల వైపు తల పంకించాడు. మాస్టారు అలవాటు కొద్దీ సగం లేచి నమస్కారం పెట్టేశాడు. కూర్చున్నాక గానీ తెలిసిరాలేదు, టీచరమ్మ వేసిన ఒక్కగానొక్క పనికొచ్చే ప్రశ్న తన పేరు తగిలి అక్కడికక్కడే చచ్చిపోయిందని. వచ్చే బుధవారం ఓటు పెడదామన్నాడు మేయరు. ఈలోగా ఆ రెండు గదుల్లో ముప్పై కార్లు ఎలా పడతాయో నేల మీద గుర్తులు పెట్టి సభ్యులకు చూపించమన్నాడు. గుర్తులు పెట్టాల్సింది ఎవరో వేరే చెప్పాలా!

శుక్రవారం ఉదయం మాస్టారు ఒక చేత్తో చక్రాల కుర్చీ తోసుకుంటూ, ఇంకో చేత్తో బద్ద పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాడు. అంత నీచమైన పని జన్మలో చేయలేదనిపించింది ఆయనకి. ఫిజియో అమ్మాయి ఆయనతో మాట్లాడలేదు. మాస్టారి భార్యను లేపి కడ్డీల దగ్గర నిలబెట్టి, రెండు దఫాలు నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి పుస్తకంలో ఏదో రాసుకుంది. మాస్టారు దొంగలా గోడ పక్క నుంచి మొదలుపెట్టి కడ్డీల దాకా వచ్చాడు. అవి ఎంత చోటు తింటున్నాయో చూద్దామని వాటి పక్కన బద్ద పరిచాడు. బద్ద కొస కడ్డీలు దాటి మూడంగుళాలు బయటికొచ్చింది.

ఎంత దిగులులో ఉంటేనేం, పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? "ఇవి ఎన్నడుగులమ్మా?" అన్నాడు.

"ఎనిమిది. ఆవిడ ఇటు నుంచి అటు వెళ్ళినప్పుడల్లా ఎనిమిదని రాస్తున్నాను."

"మూడంగుళాలు తక్కువున్నాయి. మా ఆవిడ నడిచిన దానికంటే ఎక్కువ రాస్తున్నావన్నమాట ఇన్నాళ్ళూ."

ఆ అమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. సొరుగులోంచి టేపు తీసి కడ్డీల మీద పరిచింది. ఎనిమిది. నీ టేపు సాగిపోయిందన్నాడు మాస్టారు. ఆ అమ్మాయి పక్క గదిలో బల్లలు బాగుచేస్తున్న వడ్రంగి దగ్గరికి వెళ్ళి ఆయన మడత కొలబద్ద పట్టుకొచ్చింది. దాంతోనూ ఎనిమిదే. కొలబద్దలు కూడా ఈమధ్య నాసిరకానివి వస్తున్నాయని మాస్టారు అనబోతుండగా కుర్చీలోంచి భార్య గొంతు వినిపించింది. పక్షవాతం వచ్చాక ఆవిడ ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడుతుంది.

"ఏవండీ. ఆ బద్దని... కొలవండి ఒకసారి."

"బద్దని కొలవడమేమిటే?" అన్నాడాయన నిజంగానే ఆశ్చర్యపోయి. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ ఆలోచన ఆయన బుర్రలోకి రాలేదు. బద్దతో కొలుస్తారు గానీ బద్దని ఎవరు కొలుస్తారు? ఫిజియో అమ్మాయి మాత్రం ఆ మాట పూర్తికాకముందే వంగి టేపు పరిచేసింది.

ఎనిమిదడుగుల మూడంగుళాలు.

మాస్టారు తన చేత్తో కొలిచాడు. వడ్రంగి కొలబద్దతో కొలిచాడు. ఆ కొస నుంచి ఈ కొసకు కొలిచాడు. ఎటు నుంచి కొలిచినా ఆ మూడంగుళాలు పోలేదు. ఇనుప తొడుగు మీద గోటితో కొట్టి చూస్తే అప్పుడు తెలిసింది. కొస భాగం డొల్లగా మోగింది. వెల్డరు తొడిగిన తొడుగు చెక్క చివరి దాకా దిగలేదు. మూడంగుళాలు ఖాళీగా బయటే ఉండిపోయింది. తొడుగు వేయించినప్పటి నుంచీ ఆయన గీసిన ప్రతి గీతా మూడంగుళాలు అవతలే పడుతూ వచ్చింది.

ఆయన నేల మీద చతికిలబడ్డాడు. ఫిజియో అమ్మాయి కంగారుపడి మంచినీళ్ళు తేబోయింది. ఆయన అప్పటికే సుద్దముక్కతో గచ్చు మీద లెక్క వేస్తున్నాడు. వరుసకు అరవై నాలుగు కార్లు. కారుకు మూడంగుళాల చొప్పున నూట తొంభై రెండంగుళాలు. అంటే పదహారడుగులు. అంటే వరుసకు సరిగ్గా రెండు కార్లు. పద్దెనిమిది వరుసలకు ముప్పయ్యారు. కావాల్సింది ఇరవై ఎనిమిది.

సిగ్గుతో నేలలోకి దిగిపోవాల్సిన మనిషికి గుండెల మీంచి ఎవరో బండ దింపినట్టయింది. భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వుతోంది. పెదవి ఒక పక్కే సాగుతుంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా నవ్వు ఆగడం లేదు. "ముప్పై ఏళ్ళు..." అంది ఆయాసపడుతూ, "నా పరదా... అరంగుళం..." ఆ మాట పూర్తి చేయలేక మళ్ళీ నవ్వింది. జబ్బు పడ్డాక ఆవిడ అంతలా నవ్వడం అదే మొదలు. ఆయనకు కోపం రాలేదు. ఇంకొంచెంసేపు నవ్వితే బాగుండుననిపించింది.

అక్కడి నుంచి తిన్నగా ఇంజనీరు దగ్గరికి పోయాడు. ఇంజనీరు విన్నంతసేపూ కుర్చీలో వెనక్కి జరుగుతూనే ఉన్నాడు. "మాస్టారూ, ఆ కాగితం మీద సంతకం ఎవరిది? నాది. ప్లానులో కరెక్టుగా ఉన్న అంకె కొట్టేసి తప్పు రాసిందెవరు? నేను. మీకింకా నాలుగు నెలల నౌకరీ. మర్యాదగా దిగిపోక ఎందుకొచ్చిన గొడవ? మీరు రాలేదు, నేను వినలేదు."

"మీరు వినకపోతే పైన చెప్తానండీ," అన్నాడు మాస్టారు. బయటికొచ్చి మెట్లెక్కాడు. కౌన్సిల్లో మామూలు మనుషులు కూడా ముందుగా చీటీ రాసిచ్చి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. ఆ చీటీ మీద విషయం అన్నచోట ఏం రాయాలో తెలియక చాలాసేపు నిలబడి, చివరికి 'నా తప్పు' అని రాసిచ్చాడు.

బుధవారం ఆయన నిలబడి చెప్పాల్సిందంతా రెండు నిమిషాల్లోనే చెప్పేశాడు. బద్ద, తొడుగు, మూడంగుళాలు, ముప్పయ్యారు కార్లు. తిడతారనుకున్నాడు, నవ్వుతారనుకున్నాడు, రెంటికీ సిద్ధపడి వచ్చాడు. కానీ జరిగింది వేరు. ఎవరూ నమ్మలేదు.

"మాస్టారూ, మీరంటే మాకు గౌరవం," అన్నాడు ఆటల పెద్దాయన జాలిగా. "మీ ఆవిడ కింద ఆ గదిలోనే నడక నేర్చుకుంటున్నారని విన్నాను. మీ బాధ అర్థమైంది. కానీ మీ కొలత తప్పిందంటే ఈ ఊళ్ళో ఎవరు నమ్ముతారు చెప్పండి? ఆవిడ కోసం లేని తప్పు నెత్తిన వేసుకుంటున్నారు."

సభ్యులు అవునవునన్నట్టు తలలాడించారు. ఇన్నేళ్ళూ కూడబెట్టుకున్న మంచిపేరు అంతా ఒక్కసారిగా వచ్చి మాస్టారి గొంతు మీదే కూర్చుంది. ఓటు పెడితే గది పోతుంది. ఇక ఆవిడ నడక ఆ ఇనుప కడ్డీల దగ్గరే ఆగిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఏదో ఒక వీధిలో ఎవరూ చూడకుండా ఒకటి రెండు గీతలు వంకరగా గీసి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు, జీవితంలో మొట్టమొదటిసారి.

అప్పుడు టీచరమ్మ లేచింది. "రోడ్డు దాటితే స్టేడియం. ఒక్క వరుస కొలిచి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? మాస్టారిని నమ్మొద్దు, ఇంజనీరుని నమ్మొద్దు. టేపు ఒక కొస నేను పట్టుకుంటాను, ఇంకో కొస పెద్దాయన్ని పట్టుకోమనండి."

మేయరు గడియారం చూసుకున్నాడు. బయట ఎండ బాగా కాస్తోంది. అయినా ఎందుకో లేచాడు. మేయరు లేస్తే కూర్చుని ఉండేవాళ్ళెవరు? కౌన్సిలంతా మెట్లు దిగి, రోడ్డు మీద బస్సులు ఆపించి, స్టేడియం ముందుకు చేరింది. బీరువాలో ఇన్నాళ్ళూ మూలుగుతున్న స్టీలు టేపు బయటికొచ్చింది. ఆటల పెద్దాయన చొక్కా చేతులు మడిచి టేపు పట్టుకున్నాడు. ఎనిమిదడుగులకొక సుద్ద గుర్తు మాస్టారు పెడుతుంటే, వెనక సభ్యులు పైకే లెక్కపెడుతూ నడిచారు. పాత గీతకూ కొత్త గుర్తుకూ మొదట్లో ఎడం వేలెడే ఉంది. ఇరవయ్యో కారు దగ్గర అది అయిదడుగులయింది. నలభై దాటేసరికి లెక్కపెట్టే గొంతులు పెద్దవయ్యాయి. అరవై నాలుగు అన్నప్పుడు అందరూ తలెత్తి చూశారు. గోడ ఇంకా అవతలే ఉంది. అరవై అయిదు. అరవై ఆరో గుర్తు గోడ మొదట్లో పడింది.

ఆటల పెద్దాయన టేపు వదలకుండా ఆ గుర్తు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కళ్ళెదుటి నిజాన్ని కాదనే మనిషి కాదు, ఆటల మీద ఎంత పిచ్చి ఉన్నా. "వరుసకు రెండు, పద్దెనిమిది వరుసలు... మొత్తం పదకొండు వందల ఎనభై ఎనిమిది," అన్నాడు మెల్లగా. "ఎనిమిది ఎక్కువే ఉన్నాయి. ఇక ఆ గదులతో నాకేం పని?" అంటూ నుదుటి చెమట తుడుచుకుని మాస్టారి భుజం తట్టాడు. "క్షమించండి మాస్టారూ. మీ కొలత తప్పదనుకున్నాను."

ఆ రెండు గదులూ ఉండాల్సిందేనని ఓటు అక్కడే, ఎండలోనే, చేతులెత్తి అయిపోయింది. ఒక్క చెయ్యి కూడా తక్కువ కాలేదు. ఓటే లేని ఇంజనీరు అందరికంటే ముందెత్తాడు. పదవీ విరమణ లోపు పద్దెనిమిది వరుసలూ చెరిపి మళ్ళీ గీయాలని మేయరు మాస్టారికి ఆజ్ఞ వేశాడు. అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేదు. మాస్టారు రెండు చేతులూ జోడించి నవ్వాడు. ఎక్కడ నలుగురిలో ఏడ్చేస్తానోనని రోడ్డు వైపు తిరిగిపోయాడు.

ఫిజియోథెరపీ గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కబురు ఆయన కంటే ముందే చేరింది. రిజిస్ట్రారు ఆఫీసు వాళ్ళు కిటికీల్లోంచి చూసి కేకేశారట. భార్య కడ్డీల మధ్య నిలబడి ఉంది. ఆయన రావడం చూసి కడ్డీల మీంచి రెండు చేతులూ ఎత్తేసింది. ఆ ఎత్తిన చేతులతోనే ఎడమకాలు వేసింది. కుడికాలు ఈడ్చి ముందుకు తెచ్చింది. మళ్ళీ ఎడమకాలు. ఫిజియో అమ్మాయి పక్కనే చేతులు చాచి నడుస్తోంది, ముట్టుకోవడం లేదు. కడ్డీలు అయిపోయాయి, ఆవిడ ఆగలేదు. ఖాళీ గచ్చు మీద మరికొంత దూరం వచ్చి మాస్టారి భుజం పట్టుకుంది. ఆయన అప్పటికే ఏడుస్తున్నాడు, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"మొహం తుడుచుకోండి," అంది ఆవిడ. "ఆకలేస్తోంది. ఇంటికి పోదాం."

ఫిజియో అమ్మాయి పుస్తకం తెరిచి పెన్ను తీసింది. "ఎన్ని అడుగులు వేశారు మాస్టారూ? నేను ఆవిడ మోకాలే చూస్తున్నాను, లెక్కపెట్టలేదు."

మాస్టారు కళ్ళార్పకుండా చూశాడు. కానీ ఎన్నో తెలియదు. "నేనూ లెక్కపెట్టలేదమ్మా," అన్నాడు.

"పదకొండు," అంది భార్య తడుముకోకుండా. "రాసుకో."

అందులో ఒకటో రెండో కలిపి చెప్పిందని ఆయనకు గట్టి అనుమానమే వచ్చింది. ఫిజియో అమ్మాయి పదకొండని రాస్తుంటే మాత్రం ఆయన కుర్చీ తీసుకురావడానికని పక్కకు వెళ్ళిపోయాడు.